గీత మీదా, గీత అవతలా: పాలమూరు వివాదం వెనుక ఇరవై ఏళ్ల కథ

పాలమూరు షటిల్ ఆటగాళ్ల ఫోన్లలో వారం రోజులుగా ఒకటే వీడియో తిరుగుతోంది. నిడివి తొమ్మిది సెకన్లు. బాలికల సింగిల్స్ ఫైనల్, మూడో గేమ్, స్కోరు 20-19. వెనుకబడి ఉన్న అమ్మాయి సర్వీస్ చేసింది. నాలుగైదు షాట్ల తర్వాత ఆమె ఎత్తుగా లేపిన టాస్ అవతలి కోర్టు వెనుక గీత దగ్గర దిగింది. ఆధిక్యంలో ఉన్న అమ్మాయి రాకెట్ ఎత్తి కూడా కొట్టకుండా వదిలేసింది. షటిల్ నేలను తాకి, చిన్నగా ఎగిరి, దొర్లి, గీతకు అవతల ఆగింది. అంపైర్ కుర్చీలోంచి కొంచెం లేచి ఆ అమ్మాయినే అడిగారు. "ఇన్నా, అవుటా?" ఆమె ఒకసారి వెనక్కి చూసి "అవుట్ సార్" అంది. 21-19. మ్యాచ్ అయిపోయింది.

ఇద్దరికీ పదిహేనేళ్లు నిండలేదు. అందుకే వాళ్ల పేర్లు, అకాడమీల పేర్లు, ఆట జరిగిన హాలు పేరు ఇక్కడ ఉండవు. ఆ వీడియో కింద పెద్దవాళ్లు రాసిన మాటలు చదివాక మాత్రం ఈ కథనం రాయక తప్పలేదు. గెలిచిన పిల్లను "దొంగ" అన్నవాళ్లు ఉన్నారు. ఓడిన పిల్లకు "ఓడిపోవడం చేతకాదు" అన్నవాళ్లూ ఉన్నారు. ఈ కాలం పిల్లల్లో నిజాయితీ లేదని తేల్చేసినవాళ్లకైతే లెక్కే లేదు.

పూనాలో బ్రిటిష్ అధికారులు ఆడిన ఆట గురించీ, 1980లో ప్రకాశ్ పదుకొణె ఆల్ ఇంగ్లండ్ గెలవడం గురించీ అందరికీ తెలుసు. ఇప్పటి గొడవకు అవి అక్కరకు రావు. అక్కరకు వచ్చేది 2006.

ఆ ఏడాది అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య పాయింట్ల లెక్క మార్చింది. అంతకుముందు సర్వీస్ ఎవరి చేతిలో ఉంటే వారికే పాయింటు వచ్చేది. అవతలివారు ర్యాలీ గెలిస్తే సర్వీస్ చేతులు మారేది, స్కోరు కదిలేది కాదు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించింది ఆ లెక్కలోనే. ఆ అంకెలు చూసి ఆ మ్యాచ్‌లో 48 ర్యాలీలే ఆడారనుకుంటే పొరపాటు. స్కోరు కదలకుండా సర్వీస్ అటూ ఇటూ మారిన ర్యాలీలు ఆ అంకెల్లో కనిపించవు.

2006 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటే. 21 చేరితే గేమ్. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29-29 దాకా వెళ్తే తర్వాతి పాయింటుతో సరి. టీవీ వాళ్లకు ఆట ఎంతసేపు సాగుతుందో అంచనా దొరికింది, చూసేవాళ్లకు ఉత్కంఠ పెరిగింది. ఎవరూ పెద్దగా పట్టించుకోని మార్పు ఇంకొకటి జరిగింది. గీత దగ్గర ఒక్క మాట ఖరీదు పెరిగిపోయింది.

ఈ ఫైనల్‌నే పాత లెక్కలో పెట్టి చూడండి. సర్వీస్ చేసింది వెనుకబడిన అమ్మాయి. ఆమె షాట్ "అవుట్" అంటే అవతలి అమ్మాయికి వచ్చేది సర్వీస్ మాత్రమే. గెలుపు కోసం ఆమె ఇంకో ర్యాలీ ఆడి, అదీ గెలవాలి. తప్పుగా చెప్పి ఉంటే సర్దుకోవడానికి ఆటలోనే చోటుండేది. డబుల్స్‌లో ఇద్దరికీ సర్వీస్ వంతులు ఉండేవి కాబట్టి ఆ చోటు ఇంకా ఎక్కువ. ఇప్పుడు అదే మాటకు మ్యాచ్, కప్పు, సర్టిఫికెట్ అన్నీ ఒక్కసారే చేతికొస్తాయి. పాత తరం వాళ్లు "మా రోజుల్లో అడిగితే పాయింటు ఇచ్చేసేవాళ్లం" అంటుంటారు. నిజమే, ఇచ్చేవారు. నేనూ ఆ తరంలోనే ఆడినవాణ్ని. కానీ మేము ఇచ్చినదానిలో చాలాసార్లు పోయేది ఒక సర్వీస్ మాత్రమే.

రెండో మార్పుకు తేదీ లేదు. అది నేలకు సంబంధించింది.

తొంభైల్లో నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపించే ఒక మైదానంలో పొద్దున్నే ఆడేవాళ్లం. ఒక పక్క ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్, ఇంకో పక్క షటిల్. రెండింటికీ ఎర్రమట్టి నేలే. ఆదివారం ఒకరు ముందుగా వచ్చి, పురికొస లాగి కట్టి, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నపు పొడి పోసి, ఆ తాడు వెంబడి గీతలు చల్లేవారు. గీత మీద షటిల్ పడితే వేలిముద్రంత మేర సున్నం చెదిరి కింద మట్టి కనిపించేది. అప్పటికీ తేలకపోతే షటిల్ తిరగేసి, ఈకలు గుచ్చి ఉండే గుండ్రటి బెండు చూసేవాళ్లం. రెండు గేములు ఆడేసరికి ఆ బెండు ఎర్రమట్టి రంగుకు తిరిగేది. దాని మీద తెల్లటి పొడి అంటి ఉంటే ఇన్. లేకపోతే అవుట్. వాదించడానికి ఏమీ మిగిలేది కాదు. మాలో అబద్ధం ఆడేవాళ్లు లేకపోలేదు, కానీ గీత మీద సాక్ష్యం కనిపిస్తూ ఉంటే ఆ పని కష్టం.

గాలి వీచినా, మంచు పడినా గీతలు చెరిగిపోయేవి. అప్పుడు రెండు అలవాట్లు ఆదుకునేవి. షటిల్ ఎవరి కోర్టులో పడితే వాళ్లే చెప్పాలి, అనుమానం ఉంటే పాయింటు ఎదుటివారికి. ఇద్దరికీ తెలియకపోతే "లెట్, మళ్లీ ఆడదాం". ఈ రెండు మాటలు మాకు ఎవరూ పుస్తకం తెరిచి నేర్పలేదు. చూసి నేర్చుకున్నాం.

ఇప్పుడు పాలమూరులో, నల్లగొండలో, సూర్యాపేటలో, మిర్యాలగూడలో కప్పు కింద ఆట. పచ్చని మ్యాట్, దాని మీద పెయింటు గీతలు. మోకాళ్లకు మంచిది, గాలి బాధ లేదు, రాత్రి పదింటికైనా ఆడుకోవచ్చు. కానీ మ్యాట్ మీద మచ్చ పడదు. గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు, బెండు వ్యాసం 25 నుంచి 28 మిల్లీమీటర్ల మధ్య. ఆ బెండు గీత బయటి అంచును కాస్త తాకినా ఇన్నే, ఎందుకంటే గీత కోర్టులో భాగం. తాకిన ఆ క్షణాన్ని కంటితో పట్టుకోవాలి. ఆ తర్వాత చూస్తే కనిపించేది షటిల్ ఆగిన చోటే. వెనుక గీత మీద పడ్డ టాస్ తరచూ ఎగిరి జానెడు బయటకు దొర్లుతుంది. వీడియో చూసి "అదిగో అవుట్, కనిపిస్తూనే ఉంది" అన్నవాళ్లు చూపించింది షటిల్ ఆగిన చోటును. అది ఎక్కడ ఆగితే ఏమిటి?

పైగా వదిలేసిన మనిషి కన్ను ఉండే చోటూ సరైంది కాదు. ఆమె కోర్టు లోపల నిలబడి, తల మీదుగా వెనక్కి పోతున్నదాన్ని మెడ తిప్పి చూస్తుంది. గీతకు సూటిగా కూర్చున్నవారికి తెలిసేది ఆమెకు తెలియదు. లైన్ జడ్జిని కుర్చీ వేసి మరీ గీతకు ఎదురుగా కూర్చోబెట్టేది అందుకే. పెద్ద టోర్నమెంట్లలో ఒక్కో కోర్టు చుట్టూ అలాంటి కుర్చీలు ఎనిమిది, పది దాకా ఉంటాయి. అవుటైతే జడ్జి గట్టిగా "అవుట్" అని రెండు చేతులూ చాపాలి. ఇన్ అయితే మాట్లాడకుండా కుడిచేత్తో గీతను చూపాలి. ఆటగాడు అడ్డొచ్చి కనిపించకపోతే రెండు చేతులతో కళ్లు మూసుకోవాలి. నాకు ఆ మూడో సంజ్ఞ మీద గౌరవం. తనకు తెలియలేదని వేలమంది ముందు ఒప్పుకోవడానికి ఒక పద్ధతి ఉందన్నమాట.

పాయింటు ఖరీదు పెరిగాక పైస్థాయిలో వాళ్లు ఊరికే కూర్చోలేదు. లైన్ జడ్జి తప్పు స్పష్టంగా కనిపిస్తే మార్చే అధికారం అంపైర్‌కు ఉంది. 2014 నుంచి పెద్ద పోటీల టీవీ కోర్టుల మీద కెమెరాలతో సమీక్ష వచ్చింది. ఒక్కో పక్షానికి రెండు సవాళ్లు, సవాలు నెగ్గితే అది ఖర్చు కాదు. సర్వీస్ "నడుము కింద" అనే పాత నియమం మీద గొడవలు ఎక్కువైతే 2018లో దాని బదులు నేల నుంచి 1.15 మీటర్ల కొలత పెట్టారు. మనిషి కంటికి వదిలిన బరువును ఒక్కొక్కటిగా దించుకుంటూ వచ్చారు.

మన దగ్గరకు ఏం వచ్చింది? కొత్త స్కోరు వచ్చింది, మ్యాట్ వచ్చింది. కుర్చీలు రాలేదు. 2016 అక్టోబరులో పాత పాలమూరు జిల్లా నాలుగైంది, 2019లో నారాయణపేటతో ఐదైంది. వనపర్తి పిల్లకైనా గద్వాల పిల్లకైనా జిల్లా జట్టులో చోటు దగ్గరైంది, అది మంచి మార్పు. ఎంపికలు పెరిగాయి, పోటీలు పెరిగాయి. వాటికి తగ్గట్టు గీత దగ్గర కూర్చునేవాళ్లను తయారు చేసే పని మాత్రం ఎవరూ తలకెత్తుకోలేదు. ఒక హాలులో మూడు కోర్టుల మీద ఒకేసారి మ్యాచ్‌లు, ఒక్కో కోర్టుకు ఒక్క అంపైర్. ఆయన కూర్చునేది నెట్ దగ్గర. అక్కడి నుంచి వెనుక గీత 6.70 మీటర్ల దూరం.

ఈ హాలులో ఇలాంటి గొడవ ఇదే మొదటిది కాదు. రెండేళ్ల కిందట పెద్దవాళ్ల డబుల్స్‌లో పక్క గీత మీద అరగంట వాదన జరిగింది. చివరికి లెట్ ఆడి, తర్వాత నలుగురూ కలిసి చాయ్ తాగి వెళ్లారు. ఆ రోజే లైన్ జడ్జిలను పెట్టాలని అనుకున్నారు. అనుకోవడంతోనే ఆగిపోయింది.

ఇప్పుడు రెండు పక్షాలూ చెప్పేది విందాం. గెలిచిన అమ్మాయి కోచ్ మాట చిన్నది: అంపైర్ నిర్ణయం అంతిమం, ఫలితం ప్రకటించారు, ఇక చర్చ లేదు.

ఓడిన అమ్మాయితో నేను ఆమె తండ్రి సమక్షంలో మాట్లాడాను. షటిల్ గీత మీద పడిందని ఆమె ఒట్టు వేయలేదు. "నేను అవతలి కోర్టులో ఉన్నాను సార్, అంత దూరం నుంచి నాకూ సరిగ్గా కనిపించలేదు" అంది. ఆ మాట వినగానే ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది. ఆమె బాధ వేరు. "నాకు తెలియదు అని తను చెప్పి ఉంటే మళ్లీ ఆడేవాళ్లం కదా? సార్ అడిగినప్పుడు తను ముందు వెనక్కి చూసింది. వెనక వాళ్ల కోచ్ ఉన్నారు. ఆయన తల ఊపారు. తర్వాతే అవుట్ అంది. మేమిద్దరం మూడేళ్ల నుంచి కలిసి ఆడుతున్నాం. తను ఎప్పుడూ అలా చేయలేదు." వీడియోలో ఆ చూపు ఉంది. కోచ్ ఫ్రేమ్‌లో లేరు. ఆయన తల ఊపిన మాట నిజమేనని ప్రేక్షకుల్లో ఇద్దరు నాతో చెప్పారు.

నిర్వాహకులకు ఫిర్యాదు ఇచ్చిన ఆమె తండ్రి చెప్పిందీ రాయాలి. "మా పాపకు కప్పు ఇప్పించమని నేను ఫిర్యాదు ఇవ్వలేదు. ఆ పాపను తిట్టడం ఆపమని కూడా అందులో రాశాను" అన్నారాయన. కాగితం చూపించారు. రెండో పేరాలో ఆ మాట ఉంది.

నియమావళి ఈ విషయంలో సూటిగా ఉంది. లైన్ జడ్జికి కనిపించకపోతే అంపైర్ చెప్పాలి, అంపైర్ కూడా తేల్చలేకపోతే లెట్. అంపైర్ కుర్చీలో మనిషి ఉన్నప్పుడు ఆడుతున్న పిల్లను పిలిచి తీర్పు అడగడం అందులో ఎక్కడా లేదు. అంపైర్ లేని చోట పుట్టిన మా పొద్దుటి ఆట అలవాటును, మ్యాచ్ పాయింటు మీద, కప్పు బల్ల మీద మెరుస్తుండగా, పద్నాలుగేళ్ల పిల్ల నెత్తిన పెట్టారు. ఆమెకు సందేహం ఉండి ఉంటే ఆ సందేహాన్ని చెప్పుకునే ధైర్యం ఆమెకు వెనుక నిలబడ్డ మనిషి ఇవ్వాలి. ఆయన తల ఊపారు.

2022లో మనీలాలో ఆసియా చాంపియన్‌షిప్ సెమీఫైనల్ గుర్తుందా? పి.వి.సింధు తొలి గేమ్ 21-13తో గెలిచి, రెండో గేమ్‌లో 14-11తో ఆధిక్యంలో ఉండగా, సర్వీస్ ఆలస్యం చేసిందని అంపైర్ ఆమెకు ఒక పాయింటు కోత వేశారు. ఆ మ్యాచ్ ప్రత్యర్థి, జపాన్ అమ్మాయి యమగుచి చేతికి పోయింది. కొన్ని నెలల తర్వాత ఆసియా సమాఖ్య సాంకేతిక కమిటీ తప్పు జరిగిందని సింధుకు క్షమాపణ చెప్పింది. ఫలితం మారలేదు. అయినా ఆ లేఖ వచ్చినరోజు తెలుగువాళ్లందరం ఎంతో కొంత ఊరట పొందాం. తప్పు పెద్దవాళ్లదని పెద్దవాళ్లే రాసిచ్చారు.

ఇక్కడ నిర్వాహకుల నుంచి ఫిర్యాదుకు జవాబు ఇంకా రాలేదు. గెలిచిన అమ్మాయి నాలుగు రోజులుగా ప్రాక్టీసుకు రావడం లేదని ఆమె తోటి పిల్లలు చెప్పారు. ఓడిన అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసిందట, ఎత్తలేదట.

నిన్న సాయంత్రం ఆ హాలుకు వెళ్లాను. వచ్చే ఆదివారం అండర్-13 ఎంపికలు అక్కడే. మ్యాట్ తుడిచారు, నెట్ బిగించారు, ఎత్తు కొలిచారు. మూడు కోర్టులకూ మూడు అంపైర్ కుర్చీలు వేశారు. వెనుక గీతల దగ్గర కుర్చీలు ఎక్కడ వేస్తారని అడిగితే, తుడుస్తున్న అబ్బాయి హాలు మూలకు చూపించాడు. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "అవి తల్లిదండ్రులకు సార్" అన్నాడు.