కోడ్ తెరిచారు సరే, లెక్క సరిచూసేదెలా?

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాకు విడిగా మునిసిపాలిటీ లేదు. చెత్త సేకరణతో సహా అన్నీ అక్కడి ప్రాంతీయ ప్రభుత్వమే చూసుకుంటుంది. దాని శాసనసభ ఎన్నికల్లో 2001లో ఈవాక్స్ అనే ఓటింగ్ వ్యవస్థ మొదలైంది: మామూలు కంప్యూటర్లు, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అందరూ చదవగలిగేలా బయటపెట్టిన కోడ్. సిబ్బంది ఇచ్చిన బార్‌కోడ్‌ను ఓటరు ఒకసారి చూపిస్తే బ్యాలెట్ తెరుచుకుంటుంది, మళ్లీ చూపిస్తే ఓటు పడుతుంది. ఆ బార్‌కోడ్‌కు ఓటరు పేరుతో లంకె ఉండదు.

తంటా అంతా లెక్కింపులోనే. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగే అక్కడా 1, 2, 3 అని ప్రాధాన్యాలిస్తారు. గెలిచినవారి మిగులు ఓట్లు భిన్నాలుగా మారి తర్వాతివారికి వెళ్తాయి. 2020 ఎన్నికల్లో నియమం ప్రకారం ఆ భిన్నాల్లో ఆరు దశాంశ స్థానాలు ఉంచుకుని మిగతాది వదిలెయ్యాలి. అంటే మూడింట రెండొంతులు 0.666666. ప్రోగ్రాం మాత్రం దగ్గరి అంకెకు సవరించేది: 0.666667. పరిశోధకులు సొంతంగా లెక్కింపు ప్రోగ్రాం రాసి, అధికారులు విడుదల చేసిన ఓట్ల వివరాలతో (ఏ బ్యాలెట్‌పై ఏ వరుసలో అంకెలున్నాయో, పేర్లు లేకుండా) నడిపి, ఇలాంటి తప్పులు పట్టుకున్నారు. విజేతలు మారలేదు.

కాబట్టి కోడ్‌తోపాటు ఓట్ల వివరాలూ బయటపెట్టాలి. ఇందులో ఒక చిక్కుంది. అభ్యర్థులు ఇరవైమంది ఉంటే అంకెలు వేసే వరుసలు లెక్కలేనన్ని, అరుదైన వరుస ఇంకొకరిది కాకపోవచ్చు. కాబట్టి ‘ఫలానా వరుసలోనే అంకెలు వెయ్యి’ అని డబ్బిచ్చినవాడు ఆ వరుసను జాబితాలో వెతుక్కోగలడు.

ఇక బూత్‌లోని యంత్రంలో నడుస్తున్నది ఆ కోడేనా? ఆ కోడ్‌ను ఎవరు కంపైల్ చేసినా, అంటే యంత్రం నడిపే ఫైలుగా మార్చినా, ఒకే ఫైలు, ఒకే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రావాలి. కంపైల్ చేసిన సమయమో ఫోల్డర్ పేరో ఫైల్లోకి దూరినా హాష్ మారిపోతుంది. వాటిని ముందే స్థిరంగా పెట్టాలి. అయినా, ఆ హాష్ చూపించేది యంత్రమే అయితే దాని మాటకు విలువెంత?

అందుకే తన ఓటును ఓటరు కళ్లారా చూసుకున్న కాగితం ఉండాలి. ఇద్దరే అభ్యర్థులు, ఇద్దరి మధ్య ఓట్ల తేడా 10 శాతం అనుకుందాం. ఫలితం తప్పయితే అది తనిఖీ దాటిపోయే అవకాశం 10 శాతానికి మించకూడదంటే, యాదృచ్ఛికంగా సగటున 470 బ్యాలెట్లు తీసి చూస్తే చాలు. తేడా 2 శాతమైతే 11,500 దాటుతుంది. ప్రతి కాగితంపై వరుస సంఖ్య ముద్రించి యంత్రం నమోదుతో ఒక్కొక్కటే పోలిస్తే, తప్పులు దొరకనంతవరకు, ఇవే 48, 240కి దిగుతాయి. ఆ సంఖ్య ఓటు వేశాక, స్కానింగ్ సమయంలో పడాలి. ముందే ఉంటే రహస్యం పోయినట్టే.

1,500 ఓట్ల వార్డుకు ఈ గణితమంతా దండగ. అన్నీ చేత్తో లెక్కపెట్టడమే నయం.