బాగైంది సరే, మందు వల్లేనా? క్షయ చికిత్స నడిచిన దారి

2021 ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు వాట్సాప్ గ్రూపుల నిండా ఒకటే మెసేజ్: ఫలానా ఆసుపత్రిలో పేషెంటుకు ప్లాస్మా కావాలి, బ్లడ్ గ్రూపు ఇది, కరోనా నుంచి కోలుకున్నవాళ్లు వెంటనే ఫోన్ చేయండి. అప్పటికి ఆరు నెలల ముందే, 2020 అక్టోబరులో, దేశంలో వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ ప్లాస్మా (కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసే ద్రవం) మీద చేసిన ట్రయల్ ఫలితాలు అచ్చయ్యాయి. 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులను తీసుకుని, కొందరికి మామూలు వైద్యంతో పాటు ప్లాస్మా ఎక్కించారు, మిగతావాళ్లకు మామూలు వైద్యమే చేశారు. జబ్బు ముదరడంలో గానీ, మరణాల్లో గానీ తేడా కనిపించలేదు. చికిత్స మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది మాత్రం 2021 మే 17న.

ఆ మధ్యలో దాతల కోసం ఎన్ని కుటుంబాలు అప్పు చేసి మరీ తిరిగాయో తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వాళ్లను తప్పు పట్టడానికి నోరు రాదు. పక్క బెడ్ ఆయనకు ప్లాస్మా ఎక్కించారు, ఆయన లేచి ఇంటికి పోయాడు. కళ్లారా చూసినదాన్ని కాదనుకుని ఊరుకోవడం, అందులోనూ అంత టెన్షన్‌లో, ఎవరి వల్ల అవుతుంది? కానీ ఆయన ప్లాస్మా లేకపోయినా లేచేవాడా అన్న ప్రశ్నకు పక్క బెడ్ జవాబు చెప్పలేదు. రోగులను రెండు వర్గాలుగా విడగొట్టి, పోల్చి చూసి ఆ జవాబు రాబట్టే పద్ధతి గట్టిపడింది ఎక్కువగా క్షయ రోగం మీద. అందులో చాలా భాగం మనకు దగ్గర్లోనే జరిగింది.

మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలో ఉండేది. దాని పక్కనే ఆరోగ్యవరంలో 1910ల్లో క్షయ రోగులను నెలల తరబడి ఉంచి చూసే ఆసుపత్రి, శానటోరియం వచ్చింది. మందులు లేని కాలం అది. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇదే వైద్యం. అక్కడ బాగై ఇంటికి వచ్చినవాళ్లు లేకపోలేదు. అయితే క్షయ మనిషిని భలే మోసం చేస్తుంది. 1961-68 మధ్య బెంగళూరు పరిసర పల్లెల్లో జాతీయ క్షయ సంస్థ చూసినదాన్ని బట్టి, కళ్లెలో క్రిములు ఉన్నవాళ్లలో ఐదేళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. మూడో వంతు మంది ప్రత్యేక చికిత్స ఏదీ లేకుండానే కోలుకున్నారు. ఈ మూడో వంతు దగ్గరే ఆగి ఆలోచించాలి. పసరు తాగినా, తాయెత్తు కట్టినా, దూరం పోయి నాటు మందు తెచ్చుకున్నా ఆ మూడో వంతు లేచి తిరుగుతుంది. లేచినవాడు పదూళ్లకు చెబుతాడు. పోయినవాళ్లు చెప్పలేరు. ఊళ్లో మిగిలేది లేచినవాడి మాటే.

అందుకే 1948లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు ట్రయల్ ఫలితాలకు అంత పేరు వచ్చింది. మందు అందరికీ సరిపోయేంత లేదు. ఎవరికి ఇవ్వాలో డాక్టరు ఇష్టానికి వదిలిపెట్టకుండా, ముందే సీలు వేసిన కవర్లలో ఏది వస్తే అదే చేశారు. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు చనిపోయారు. పడక విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. కొన్నేళ్లు గడిచేసరికి ఈ తేడా చాలావరకు కరిగిపోయింది, ఎందుకంటే ఒక్క మందే వాడితే క్రిములు దానికి మొండికేస్తాయి. రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం ఆ పాఠంతోనే వచ్చింది.

మనకు అసలు మలుపు 1956లో మద్రాసులో మొదలైన ట్రయల్. నగరంలోని పేద రోగులు 193 మందిని చీటీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. ఒక వర్గానికి శానటోరియంలో మంచం, మంచి తిండి, నర్సులు. రెండో వర్గానికి తమ ఇరుకు ఇళ్లలోనే చికిత్స. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. ఏడాది తర్వాత శానటోరియంలో నూటికి 92 మందికి, ఇళ్లలో 86 మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. ఐదేళ్ల తర్వాత చూస్తే రెండు వర్గాలూ సమానం. ఇంట్లో చికిత్స చేయడం వల్ల కుటుంబంలో వాళ్లకు జబ్బు అదనంగా అంటుకోలేదు కూడా. శానటోరియంలో చోటు దొరకని లక్షల మందికి ఇది ప్రాణం పోసిన ఫలితం. రోగిని ఇంట్లో ఉంచితే కొంప మునుగుతుందని పెద్ద పెద్ద డాక్టర్లు నమ్మేవాళ్లు. ఎవరికి ఏ చికిత్సో చీటీకి వదిలి, రెండు వర్గాలనూ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ నమ్మకమే రాజ్యమేలేది.

ఆ ఫలితాన్ని పల్లెలకు తీసుకెళ్లడం ఎలాగో చూడటానికి ఎంచుకున్న చోటు అనంతపురం. 1961లో జిల్లా క్షయ కార్యక్రమాన్ని ముందుగా ఇక్కడే నడిపి చూశారు. మామూలు ప్రభుత్వ ఆసుపత్రిలోనే కళ్లె పరీక్ష, అక్కడే మందులు. మడకశిర దాటితే వచ్చే తుముకూరు జిల్లాలో అదే కాలంలో చేసిన సర్వే ఇంకో సంగతి బయటపెట్టింది. క్షయ ఉన్నవాళ్లలో సగం మంది అప్పటికే ఆసుపత్రికి పోయి వచ్చినవాళ్లే. చాలామందికి దొరికింది ఒక దగ్గు మందు సీసా. జనానికి తెలివి లేదు, ఆసుపత్రికి రారు అనే మాటను ఆ లెక్క కొట్టిపారేసింది.

క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా కథ ఇంత సంతోషంగా సాగలేదు. బ్రిటన్ ట్రయల్‌లో అది బాగా కాపాడింది. మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో 1950 నుంచే దాన్ని పరిశీలించారు. తర్వాత 1968లో చెంగల్పట్టులో రెండు లక్షలకు పైగా జనంతో పెద్ద ట్రయల్ మొదలైంది. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేదని తేలింది. ఎంతో ఆశ పెట్టుకున్నవాళ్లు కూడా ఆ ఫలితాన్ని దాచలేదు. పసిపిల్లలకు టీకా ఇప్పటికీ వేస్తున్నారు, ఎందుకంటే వాళ్లను మెదడుకు సోకే క్షయ నుంచి, ఒళ్లంతా పాకే క్షయ నుంచి అది కాపాడుతుంది. 'బీసీజీ పనిచేస్తుందా' అని మాత్రమే అడిగితే జవాబు లేదు. ఎవరికి, ఏ రకం క్షయకు అని కూడా అడగాలి.

తిండి విషయమూ ఇంతే. మందు సరిగా పడితే శానటోరియం తిండి లేకపోయినా రోగి కోలుకుంటాడని మద్రాసు చూపింది. దాంతో తిండి మాట వెనక్కి పోయింది. జార్ఖండ్‌లో చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. అక్కడ వేసిన ప్రశ్న వేరు: రోగి ఇంట్లో ఉండే మిగతావాళ్లకు నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే వాళ్లకు క్షయ రావడం తగ్గుతుందా? పది వేల మందికి పైగా కుటుంబ సభ్యులను గమనించారు. రేషన్ అందిన ఇళ్లలో అన్ని రకాల క్షయ కలిపి 39 శాతం, ఇతరులకు అంటుకునే రకం 48 శాతం తగ్గింది.

రోగికి పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఇంట్లోవాళ్ల తిండిని మాత్రం దాతలు ముందుకొస్తేనే నడిచే నిక్షయ్ మిత్ర పథకం కిందికి తెచ్చారు. అనంతపురం లాంటి కరువు జిల్లాలో ఇంత గట్టి రుజువు ఉన్న సాయం దాత దొరికిన ఇంటికే అందితే చాలదు. రేషన్ కార్డు మీద బియ్యం వచ్చినట్టే అది క్షయ ఉన్న ప్రతి ఇంటికీ రావాలి.