120 రోజుల లెక్క ఎక్కడ తప్పింది?

అమెరికా సిటిజన్‌షిప్ దరఖాస్తుల మీద గొడవ మళ్లీ రాజుకుంది. 2025 డిసెంబరు 2న అక్కడి వలస, పౌరసత్వ దరఖాస్తులు చూసే సంస్థ యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన ఉత్తర్వుతో 19 దేశాలవాళ్ల ఫైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇంటర్వ్యూ గట్టెక్కి, ఓత్‌కి, అంటే పౌరసత్వ ప్రమాణానికి, తేదీ పడినవాళ్లకూ ఆ తేదీలు రద్దయ్యాయి. ఆ జాబితాలో భారత్ లేదు. అయినా నెలల తరబడి కదలిక లేని ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఒకటే అనుమానం: మన ఫైలు ఆగడానికీ ఇదే కారణమా?

ఇది నిన్న మొన్న మొదలైన జబ్బు కాదు. దీని మూలం 2006 ఏప్రిల్ 25 నాటి ఒక అంతర్గత ఉత్తర్వులో ఉంది. ఆ ఉత్తర్వు అర్థం కావాలంటే ముందు చట్టంలో ఉన్న ఒక్క గడువు తెలియాలి. ఇంటర్వ్యూ అయిన 120 రోజుల్లో దరఖాస్తు సంగతి తేల్చకపోతే దరఖాస్తుదారు నేరుగా ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. ఆ కోర్టు తానే తేల్చవచ్చు, లేదా ఫలానా తేదీలోగా తేల్చమని ఆదేశించవచ్చు. ఇది 1447(బి) సెక్షన్. ఇంటర్వ్యూకి ముందు ఎన్నాళ్లు కూర్చోబెట్టినా ఇలా గట్టిగా అడిగే గడువేదీ లేదు. ఆరు నెలల్లో తేలాలని 2000లో కాంగ్రెస్ ఓ మాట అయితే అంది. కోర్టులు దాన్ని అభిలాషగానే చూశాయి తప్ప ఆజ్ఞగా చూడలేదు.

2006కి ముందు మామూలు పద్ధతి వేరు. వేలిముద్రలు తీసుకునేవారు, ఇంటర్వ్యూ పెట్టేవారు, ఎఫ్‌బీఐ నుంచి నేమ్ చెక్ (దాని ఫైళ్లలో పేరు కోసం వెతికే తనిఖీ) రాకపోతే నిర్ణయం మాత్రం ఆపేవారు. ఇంటర్వ్యూ అయిపోయింది కాబట్టి 120 రోజుల లెక్క నడుస్తుండేది. అది దాటాక జనం కోర్టులకెక్కారు. ‘పరీక్ష’ అంటే ఇంటర్వ్యూ ఒక్కటే కాదు, నేమ్ చెక్ పూర్తయ్యేదాకా నడిచే మొత్తం ప్రక్రియ అని ప్రభుత్వం వాదించింది. 2005లో వర్జీనియాలో ఒక కోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. ఎక్కువ కోర్టులు ఒప్పుకోలేదు. 2007లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కూడా లెక్క మొదటి ఇంటర్వ్యూ నుంచే అని చెప్పింది.

ఈ కేసులు మీద పడుతుండగానే 2006 ఉత్తర్వు వచ్చింది. నేమ్ చెక్ వచ్చేదాకా ఇంటర్వ్యూయే పెట్టొద్దన్నది దాని సారం. నేర చరిత్ర తనిఖీ పూర్తయ్యాకే ఇంటర్వ్యూ అని నిబంధనల్లో ముందునుంచీ ఉంది, మేం అదే పాటిస్తున్నాం అని యూఎస్‌సీఐఎస్ చెప్పింది. ఆ మాటలో కొంత నిజం ఉంది. 1995-96లో పది లక్షల మందికి పైగా హడావుడిగా పౌరసత్వం ఇచ్చినప్పుడు వేలిముద్రల తనిఖీ సరిగా జరగలేదని రచ్చయింది. 1997లో కాంగ్రెస్ తనిఖీని తప్పనిసరి చేసింది. కానీ కాంగ్రెస్ అడిగింది నేర చరిత్ర తనిఖీ. వేలిముద్రలతో జరిగే ఆ పని త్వరగానే తేలిపోతుంది. నేమ్ చెక్ వేరే సంగతి. పౌరసత్వం విషయంలో దానికి చట్టంలో గానీ నిబంధనల్లో గానీ ఆధారం లేదని 2008 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు తేల్చింది.

వేలిముద్రల తనిఖీలో చూసేది మనిషిని. నేమ్ చెక్‌లో వెతికేది పేరును. 2002 నవంబరు దాకా ఎఫ్‌బీఐ ప్రధాన ఫైళ్లలో, అంటే ఫలానా వ్యక్తి మీదే తెరిచిన ఫైళ్లలో చూసేవారు. ఆ తర్వాత ‘రెఫరెన్స్’లు కూడా చేర్చారు. వేరే ఎవరి ఫైల్లోనైనా సాక్షిగానో, పొరుగువాడిగానో మీ పేరు దొర్లినా అది రెఫరెన్సే. పాత దరఖాస్తులు కూడా వదలకుండా 2002 డిసెంబరు, 2003 జనవరి నెలల్లో 27 లక్షల పేర్లను మళ్లీ పంపారు. ఎఫ్‌బీఐ చెప్పిన లెక్క ప్రకారమే నూటికి 68 పేర్లు రెండు మూడు రోజుల్లో ‘ఏమీ లేదు’ అని తిరిగొచ్చేవి, మరో 22 రెండు నెలల్లోపు. చిక్కంతా మిగిలిన పదితోనే. ఏ ఊరి ఆఫీసులోనో ఉన్న కాగితం ఫైలు తెప్పించుకుని ఒక మనిషి కూర్చుని చదవాలి. చివరికి దరఖాస్తుదారుకు సంబంధం ఉండే అవకాశమున్న సమాచారం దొరికేది నూటికి ఒక్కరి విషయంలో కూడా కాదు.

తెలుగు పేర్లకు ఇక్కడే దెబ్బ. పేరులోని ముక్కలను ముందువెనకలు మార్చి, మధ్యది తీసేసి, ఉచ్చారణ దగ్గరగా ఉన్న స్పెల్లింగులన్నీ పెట్టి వెతుకుతారు. ఇంటిపేరు ముందుండే మన పద్ధతిలో శ్రీనివాసరావు ఒక కాగితంలో ఒకే మాట, ఇంకోదాంట్లో రెండు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద సొంత పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) వస్తుంది. అదే గ్రీన్‌కార్డు దాకా పాకుతుంది. పౌరసత్వ దరఖాస్తు ఫారం ఎన్-400లో ‘ఇంతకుముందు వాడిన పేర్లు’ గడిలో ఇవన్నీ రాయాలి. ఒక్కటి వదిలేసినా ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రావచ్చు. పేరు సరిచేసుకోవడానికి అదే ఫారంలో పేరు మార్పు అడగవచ్చు. అయితే అది కోర్టులో జరిగే ఓత్‌లోనే కుదురుతుంది కాబట్టి, ఆ తేదీ కోసం ఇంకొంత కాలం ఆగాల్సి రావచ్చు.

2007 మేలో 3,29,160 నేమ్ చెక్‌లు పెండింగులో ఉన్నాయని, యూఎస్‌సీఐఎస్ మీద ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ నివేదిక చెప్పింది. అందులో 1,06,738 ఏడాది దాటినవి. ఆ జులై 30న పౌరసత్వ దరఖాస్తు ఫీజు, వేలిముద్రల ఖర్చుతో కలిపి, 400 డాలర్ల నుంచి 675కి పెరుగుతుందని తెలిసి జనం ఎగబడ్డారు. దాదాపు 14 లక్షల దరఖాస్తులు పడ్డాయి. చివరికి 2008 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్, ఎఫ్‌బీఐ కలిసి గడువులు రాసుకున్నాయి: మూడేళ్లు దాటినవి మేలోగా, రెండేళ్లవి జులైలోగా, ఏడాదివి నవంబరులోగా. 2009 జూన్‌కల్లా బకాయి తీరిందని ప్రకటించాయి. మనుషుల్ని పెట్టగానే పని కదిలింది. భద్రత కోసం తప్పదన్న ఆలస్యంలో ఎంత భాగం నిజంగా తప్పనిదో అక్కడే తెలిసిపోయింది.

కానీ ‘ముందు తనిఖీ, తర్వాతే ఇంటర్వ్యూ’ అన్న వరస మాత్రం అలాగే మిగిలింది. అదే నెలలో, 2008 ఏప్రిల్‌లోనే, భద్రతా అనుమానాలున్న కేసులను పక్కనపెట్టే కార్ప్ అనే లోపలి కార్యక్రమం మొదలైంది. దాని సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటి జనానికి తెలియలేదు. తిరస్కరిస్తే 30 రోజుల్లో ఎన్-336 వేసి మళ్లీ విచారణ అడగవచ్చు. పెండింగులో పెడితే అడగడానికి నిర్ణయమే ఉండదు. 2025 డిసెంబరు నాటి 19 దేశాల ఉత్తర్వులోనూ వాడిన మాట ‘హోల్డ్’, అంటే ఆపి ఉంచడమే, తిరస్కరణ కాదు.

మనవాళ్ల కేసుల్లో ఆలస్యానికి మామూలు కారణాలు వేరే కూడా ఉంటాయి. పాత ఏ-ఫైలు, అంటే ఆ మనిషి వలస కాగితాలన్నీ ఉండే ఫైలు, మిస్సోరీలోని లీస్ సమ్మిట్‌లో, సున్నపురాయి గనిలో కట్టిన రికార్డు కేంద్రం నుంచి స్థానిక ఆఫీసుకు రావాలి. వేలిముద్రల తనిఖీ ఫలితానికి 15 నెలలకే కాలం చెల్లుతుంది. అన్నిటికంటే ముదిరేది పుట్టినతేదీ తప్పు. బడిలో చేర్పించినప్పుడు అయ్యవారు వేసిన తేదీ ఎస్సెస్సీ మెమోలోకి, పాస్‌పోర్టులోకి, గ్రీన్‌కార్డులోకి వచ్చి ఉంటుంది. పౌరసత్వ సర్టిఫికెట్‌లో అచ్చు తప్పు ఆఫీసుదైతే ఎన్-565 వేసి ఫీజు లేకుండా దిద్దించుకోవచ్చు. మనం రాసి, ఒట్టేసి ఒప్పుకున్న తేదీనే అందులో ఉంటే, తర్వాత అసలు జనన ధ్రువపత్రం తెచ్చినా మార్చరు. ఆ తేదీ తేల్చుకోవాల్సింది ఓత్‌కి ముందే.

ఇంటర్వ్యూ అయినవాళ్లు అక్కడిచ్చే ఎన్-652 కాగితం మీద తేదీ చూసి 120 రోజులు లెక్కపెట్టుకోవాలి. ఇంకా ఇంటర్వ్యూ పడనివాళ్లు ఆన్‌లైన్ విచారణ, ఆ తర్వాత అంబుడ్స్‌మన్‌కు ఫారం 7001, చివరికి అకారణ ఆలస్యం మీద మాండమస్ కేసు (నిర్ణయం తీసుకోమని సంస్థను ఆదేశించాలని కోర్టును కోరేది) అనే వరసలో వెళ్లాలి. ఇక ఆమోదం వచ్చి ఓత్ ఆగినవాళ్లు ఇంకా అమెరికా పౌరులు కారు. భారతీయులైతే అప్పటిదాకా మన పాస్‌పోర్టు చెల్లుతుంది. ఓత్ అయిన క్షణం నుంచి 1955 భారత పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అందుకే ఓత్ తేదీకి దగ్గర్లో ఇండియాకి టికెట్ కొనకూడదు. అమెరికా పాస్‌పోర్టు, దాని మీద వీసా చేతికొచ్చాకే ప్రయాణం.