మందు ఇచ్చే చేతికి బాధ్యత ఎప్పుడు వచ్చింది?

ఆసుపత్రిలో మందు రాసేది డాక్టరు, సిద్ధం చేసి పంపేది ఫార్మసిస్టు, రోగి నోటికో నరానికో అందించేది నర్సు. మొదటి ఇద్దరిలో ఎవరు పొరబడినా దాన్ని ఆపగలిగిన చివరి మనిషి నర్సే. అయినా ఆగి ప్రశ్నించే హక్కు నర్సుకు ఉందని, ప్రశ్నించకపోతే జవాబుదారీ కూడా ఆమేనని ఒప్పుకోవడానికి వృత్తికీ, చట్టానికీ చాలా కాలం పట్టింది.

1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ పాఠశాల కోసం రూపొందిన, నర్సులు చేసే ప్రమాణమైన ‘నైటింగేల్ ప్రతిజ్ఞ’లో ఈ చిక్కు మొదటి నుంచీ ఉంది. హానికరమైన మందును తెలిసి ఎవరికీ ఇవ్వనని ఒక వాక్యం, డాక్టరు పనిలో విశ్వాసంతో సాయపడతానని మరో వాక్యం. రెండూ ఎదురుపడితే ఏది నెగ్గాలో ప్రతిజ్ఞ చెప్పలేదు. నాజీ జర్మనీలోని మెజెరిట్స్-ఒబ్రావాల్డె మానసిక చికిత్సాలయంలో విధేయతే నెగ్గింది. అక్కడి నర్సులు నీళ్లలో కలిపిన నిద్రమందు అధిక మోతాదులో తాగించి రోగులను చంపారు. వారిలో పద్నాలుగు మందిని 1965లో మ్యూనిక్ కోర్టు విచారించి నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఈ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు.

అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన నీతి నియమావళి కూడా డాక్టరు ఆదేశాలను విశ్వాసంతో అమలు చేయమనే చెప్పింది. నర్సు ప్రాథమిక బాధ్యత సేవ అవసరమైన మనుషుల పట్లేనని 1973 నాటి సవరణ తేల్చింది. ఆ మధ్య ఇరవై ఏళ్లలో జరిగిన రెండు విషయాలను కాస్త వివరంగా చూడాలి.

మొదటిది 1962లో అమెరికాలోని లూసియానా రాష్ట్ర అప్పీలు కోర్టు తీర్పు. మూడు నెలల పసిబిడ్డకు గుండె మందు డైజాక్సిన్ ఇవ్వమని డాక్టరు మోతాదు రాశారు కానీ, నోటి ద్వారానా, సూది ద్వారానా అన్నది రాయలేదు. వార్డులో పని ఒత్తిడి చూసి సాయానికి వచ్చిన సీనియర్ నర్సుకు ఆ మందు పిల్లల సిరప్‌గా కూడా దొరుకుతుందని తెలియదు. అనుమానం వచ్చి అక్కడున్న ఇద్దరు డాక్టర్లను అడిగింది గానీ, రాసిన డాక్టరుకు ఫోన్ చేయకుండానే ఇంజెక్షన్ ఇచ్చింది. సిరప్ కోసం రాసిన ఆ మోతాదు సూదిగా ఇచ్చేసరికి ఎక్కువై బిడ్డ చనిపోయింది. అనుమానం వచ్చినప్పుడు రాసినవారినే అడగడం నర్సు విధి అని కోర్టు స్పష్టం చేసింది.

రెండోది 1966లో వెలువడిన, అమెరికా మనోవైద్యుడు చార్ల్స్ హోఫ్లింగ్ పరిశోధన. ముఖం కూడా తెలియని ఒక ‘డాక్టరు’ ఫోన్ చేసి, ఒక రోగికి 20 మిల్లీగ్రాముల మందు ఇవ్వమని, తాను వచ్చి సంతకం చేస్తానని చెప్పాడు. రోజుకు గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములని డబ్బా మీదే రాసి ఉంది. అయినా 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయలుదేరారు (అది ఉత్తుత్తి మందు, వారిని దారిలోనే ఆపేశారు). తెలివితక్కువతనమని వారిని నిందించడం అన్యాయం, ఎందుకంటే ఎదురుచెప్పడం వారికి ఎవరూ నేర్పలేదు. 1977లో తమకు తెలిసిన మందుతో, తోటివారిని సంప్రదించే వీలుతో ఇలాంటి పరీక్షే పెడితే, 18 మందిలో ఇద్దరే ఇవ్వబోయారు.

రోగి మాటకు విలువ వేరే దారిలో వచ్చింది. వయసు వచ్చి, బుద్ధి స్థిమితంగా ఉన్న ప్రతి మనిషికీ తన శరీరంపై నిర్ణయాధికారం ఉందని న్యూయార్క్ కోర్టు 1914లోనే చెప్పింది. అందుకే వద్దన్న మాత్రను అన్నంలో కలిపి తినిపించడం, ఎంత ప్రేమతో చేసినా, సమ్మతిని దాటడమే. ఆ వద్దు వెనుక నమ్మకం ఉండవచ్చు. చాలా క్యాప్సూళ్ల తొడుగు జంతువుల జెలటిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు తీసేది పంది పేగుల నుంచి. ‘ఇది దేనితో చేశారు?’ అని రోగి అడిగితే నిజం చెప్పి, డాక్టరుతో మాట్లాడి మరో మందు ఉందేమో చూడడం కూడా మందు ఇవ్వడంలో భాగమే. సంస్కృతి తెలియకుండా సేవ పూర్తి కాదని అమెరికా నర్సింగ్ సిద్ధాంతవేత్త మాడెలిన్ లైనింగర్ ‘ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్’ (సంస్కృతుల తేడాలను గుర్తించే నర్సింగ్) పేరుతో వాదించింది ఇందుకే.

బాధ్యత ఎంతవరకు, శిక్ష ఎక్కడి నుంచి అన్న ప్రశ్న మాత్రం తెగలేదు. 2017లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక నర్సు మత్తుమందుకు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఇవ్వడంతో రోగి చనిపోయింది. తప్పును ఆమే ఒప్పుకుంది. 2022లో కోర్టు నేరం రుజువైందని తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచే శిక్ష) విధించింది. ఇలాగైతే ఇకపై తప్పులు బయటపెట్టేదెవరని నర్సులు వీధికెక్కారు. 2024లో కెంటకీ రాష్ట్రం, ఉద్దేశపూర్వకమో ఘోర నిర్లక్ష్యమో కాని వైద్యపు పొరపాట్లకు క్రిమినల్ కేసులు ఉండకుండా చట్టం చేసింది.