చుక్కలు దాచని ముగ్గు

చిరంజీవులైన మనవలకు, వారి స్నేహితులకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం మీ పాత ల్యాప్‌టాప్‌లో ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రేఆఫీస్ ఎక్కించి ఇచ్చినప్పుడు మీలో చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "డబ్బులు తీసుకోకుండా ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఎందుకిస్తారు తాతయ్యా? ఇందులో ఏదో మోసం ఉండే ఉంటుంది" అన్నది. ఊరికే వచ్చినదాన్ని అనుమానించడం మంచి అలవాటే కాబట్టి నేను కోప్పడలేదు గాని, సరైన జవాబు కూడా తోచలేదు. ఈ ధనుర్మాసపు తెల్లవారుజామున మీ నాన్నమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెడుతుంటే, అరుగు మీద కూర్చుని చూస్తున్న నాకు ఆ జవాబు దొరికింది.

చుక్కలు కలుపుతూ వేసే ముగ్గులో ఒక విచిత్రం ఉంది. వేయడం పూర్తయ్యేసరికి చుక్కలు గీతల కింద మాయమైపోతాయి. చూసేవారికి పద్మాలు కనిపిస్తాయి గాని, ఎన్ని చుక్కలతో మొదలుపెట్టారో, అవి సందు చుక్కలో ఎదురు చుక్కలో తెలియదు. ఆ లెక్క తెలియనివారు ముగ్గును మెచ్చుకోగలరు గాని తమ వాకిట్లో వేసుకోలేరు. కంప్యూటరు ప్రోగ్రాము కూడా అంతే. మనిషి చదవగలిగేలా రాసినదాన్ని సోర్స్ కోడ్ అంటారు. అవే చుక్కలు. దాన్ని యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చాక మనకు అమ్మేది, గీతలు పడి చుక్కలు మాయమైన ముగ్గు.

నా చిన్నతనంలో మా అక్కయ్యకు ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. దాన్ని ఇంటింటికీ మోయడం నా పని. దాని మొదటి పేజీలో "ఇందులోని ముగ్గు ఎక్కించుకున్నవారు అడిగినవారికి చుక్కలు చెప్పవలెను" అని రాసి ఉండేది. మా వీధి చివర ఒకావిడ ఉండేది. తెల్లవారకముందే ముగ్గు ముగించి, ఎవరైనా చుక్కలు అడిగితే నవ్వి ఊరుకునేది. ఒక పండుగ రోజు ఆవిడ వాకిట్లో ఆరు పద్మాల ముగ్గు చూసి, అక్కయ్య నాకు పెన్సిల్ ఇచ్చి పంపింది. నేను గీతల మలుపులను బట్టి లెక్కపెట్టి, సందు చుక్కలు, 15 నుంచి 9 వరకు అని రాసుకొచ్చాను. మర్నాడు అక్కయ్య గొంతుక్కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారవిడుస్తూ వేసింది. రెండు పక్కల పద్మాలు చక్కగా వచ్చాయి, పైనా కిందా ఉన్న నాలుగింటికీ కొసలు లేవు. ఎదురింటి వారి చిన్న కోడలు నీళ్ళ బిందె దించి, కాసేపు తల వంచి చూసి, "8 వరకు రావాలి కదమ్మాయ్" అంటూ పైన ఎనిమిది, కింద ఎనిమిది చుక్కలు పెట్టింది. మొత్తం 169 చుక్కలు, లెక్క కుదిరింది. ఆ దిద్దుబాటు పుస్తకంలోకెక్కి, అక్కడినుంచి మరో నాలుగు వీధులకు వెళ్ళింది. ఎవరో పద్మాలను తీసి చిలకలను కూడా పెట్టారు.

ఇలాంటి చిక్కే 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయనకు వచ్చింది. అక్కడి పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, అచ్చుకు పంపినవారికి కబురు అందేలా ఆయన దాని ప్రోగ్రామును మార్చుకున్నాడు. తరువాత ఒక కంపెనీ కొత్త ప్రింటరును కానుకగా ఇచ్చింది గాని, దాని చుక్కలు ఇవ్వలేదు. అవి ఉన్న వేరొక విశ్వవిద్యాలయం మనిషిని అడిగితే, ఎవరికీ చూపనని మాట ఇచ్చానన్నాడట. వీధి చివరి ఆవిడ నవ్వు నాకు గుర్తుకు వచ్చేది ఇక్కడే. స్టాల్‌మన్ 1983లో, చుక్కలు దాచని ప్రోగ్రాములను తయారుచేసే గ్నూ అనే పనికి పూనుకున్నాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వెలువరించాడు. దాని కింద ఉన్న ప్రోగ్రామును ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు, విప్పి చదివి మార్చుకోవచ్చు, ఉన్నదున్నట్టుగా గాని మార్చిన తరువాత గాని ఇతరులకు పంచవచ్చు. పంచినప్పుడు మాత్రం అందుకున్నవారికి చుక్కలు కూడా అందాలి. లాయర్ల భాషలో అది చాలా పేజీలుంటుంది, మా అక్కయ్య ఒక్క వాక్యంలో రాసుకుంది.

లిబ్రేఆఫీస్ లాంటి ఈ చుక్కలు దాచని సాఫ్ట్‌వేర్‌ను ఇంగ్లీషులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటారు. ఫ్రీ అనే ఒకే మాట రెండు అర్థాలకూ వాడటం వల్ల వాళ్ళకు ఎప్పుడూ తికమకే. మనకు ఆ బాధ లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో తెలుగు కోసం పనిచేసినవారు తమ సంస్థకు స్వేచ్ఛ అనే పేరే పెట్టుకున్నారు. ఈ సాఫ్ట్‌వేర్‌ను అమ్ముకోవడం కూడా తప్పు కాదు. ఫిన్లాండులో చదువుకుంటున్న 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్ 1991లో సరదాకు మొదలుపెట్టిన లినక్స్‌ను, అంటే కంప్యూటరును లోపల నుంచి నడిపే కెర్నల్ అనే మూల ప్రోగ్రామును, మొదట డబ్బుకు పంచరాదన్నాడు, 1992లో ఆ షరతు తీసేసి జీపీఎల్‌కు మారాడు. మొదటి 0.01 వెర్షన్‌లో సుమారు 10,000 పంక్తులు ఉండేవి, ఇప్పుడు 3 కోట్లు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం జీతాల మీద పనిచేసేవారు రాసినవే. ఒకే ముగ్గు తమ వాకిట్లోనూ కావలసిన కంపెనీలు, ఎవరికి వారు మొదటినుంచి వేసుకోవడం కంటే కలిసి దిద్దుకోవడమే చవక అని గ్రహించాయి. చిన్నదాని ప్రశ్నలో సగానికి జవాబు ఇదే.

మిగిలిన సగం, మోసం సంగతి. చుక్కలు కనిపిస్తున్నాయి గనుక మోసం దాచడం కష్టం. అయితే కనిపించడం వేరు, ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెట్టడం వేరు. ఇంటర్నెట్‌లో రహస్యాలను కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములో 2012లో దూరిన ఒక తప్పు 2014 దాకా బయటపడలేదు. లోకమంతా దాన్ని వాడుతోంది, దాన్ని చూసుకునేవారు మాత్రం గుప్పెడుమంది. బయటపడ్డాక చుక్కలు అందరి దగ్గరా ఉండబట్టి వెంటనే దిద్దుకోగలిగారు. ఎదురింటి కోడలు బిందె దించి నిలబడకపోయి ఉంటే మా పద్మాలకు కొసలు వచ్చేవే కావు. మీరు కూడా ఊరికే వాడుకుని వెళ్ళిపోక, తెలుగులో ఒక మెనూ మాట తప్పుగా కనిపిస్తే దాన్ని తెలియజేయండి. దానికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు, తెలుగు వస్తే చాలు.

ఈ పోలికను నేను మరీ సాగదీశానని మీ నాన్నమ్మ అంటోంది. ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుందని, మూడు కోట్ల పంక్తుల ముగ్గు ఏ వాకిట్లోనూ పట్టదని ఆవిడ వాదన. నిజమే. అంత పెద్దదాన్ని ఒకరి ముఖం ఒకరు చూడనివారు వేల మంది కలిసి, గీతకు గీత తగలకుండా ఎలా వేస్తున్నారో నాకు కూడా పూర్తిగా ఊహకందదు.

అందుకని ఒక పని చేయండి. అమ్మ దగ్గరున్న ఆండ్రాయిడ్ ఫోను అడిగి తీసుకుని, సెట్టింగులలో ఫోన్ గురించి అన్నచోటికి వెళ్ళి, ఆండ్రాయిడ్ వెర్షన్ కింద కెర్నల్ వెర్షన్ అని ఎక్కడుందో వెతకండి. ఆండ్రాయిడ్ లోపల నడిచే కెర్నల్ లినక్సే కాబట్టి, అక్కడ కనిపించే అంకెలు లినక్స్‌వే. 0.01తో మొదలైన లెక్క మీ చేతిలోకి వచ్చేసరికి ఎంతైందో నాకు రాయండి. పండుగకు మీరు వచ్చేలోగా నాన్నమ్మ ముగ్గుకు చుక్కలు ఎన్నో నేను రాసి ఉంచుతాను.

మీ తాతయ్య