కొక్కెర తెగులు: కోడికి చావు, బాతుకు మామూలు రోజు

ఎండలు ముదిరే రోజుల్లో దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో "కోళ్లకు రోగం దిగింది, గంపలకు గంపలే ఖాళీ అయినయి" అన్న మాట వినబడుతూనే ఉంటుంది. నిన్నటిదాకా కూత పెట్టిన పుంజు రెక్కలు జారేసి ఓ మూలన కునుకుతూ నిలబడుతుంది. రెట్ట పచ్చగా, నీళ్లలా పడుతుంది. నోరు తెరిచి గురగురమంటూ గాలి పీలుస్తుంది. నాలుగు రోజులు బతికినదైతే మెడ మెలి తిరిగిపోయి, తల పైకెత్తి వెనక్కి వెనక్కి నడుస్తుంది. ఇదే కొక్కెర తెగులు. టీకా పడని కోళ్లలో ఇది నూటికి తొంభైకి పైగా చంపగలదు. అదే వాకిట్లో, అదే తొట్టి నీళ్లు తాగిన బాతులు మాత్రం ఏమీ పట్టనట్టు కుంటలోకి దిగుతుంటాయి.

ఈ రోగాన్ని 1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ గుర్తించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. మన పశువైద్యులు ఇప్పటికీ రాణిఖేత్ వ్యాధి అనే రాస్తారు.

దీన్ని తెచ్చే వైరస్ చిన్నదే. దాని జన్యు సమాచారమంతా సుమారు 15,200 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు. కణంలోకి దూరడానికి దాని పైపొరలోని ఎఫ్ ప్రొటీన్ కావాలి. అయితే అది మూటగట్టినట్టు ముడుచుకుని ఉంటుంది, ఒకచోట ముడి తెగితేనే పనికొస్తుంది. ఆ ముడి కోసే ఎంజైమును వైరస్ తెచ్చుకోదు, పక్షి ఒంట్లోదే వాడుకుంటుంది. సాధు రకం వైరస్‌ల ముడిని కోసే ఎంజైములు శ్వాసనాళంలో, పేగుల్లో మాత్రమే దొరుకుతాయి కాబట్టి రోగం కాస్త దగ్గు, చీమిడితో సరిపోతుంది. ఉగ్ర రకాల్లో ముడి దగ్గర అర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు వరసగా పేర్చి ఉంటాయి. అలాంటి ముడిని ఫ్యూరిన్ అనే ఎంజైము కోసేస్తుంది. ఫ్యూరిన్ లేని అవయవమంటూ దాదాపు లేదు. ఇక మెదడు, కాలేయం, అండాశయం, అన్నీ వైరస్‌వే. ఈ రెండు రకాల మధ్య దూరం ఎంత? 1998లో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర కోళ్లు చచ్చిపోతే చూశారు: అక్కడే తిరుగుతున్న సాధు వైరస్, ముడి దగ్గర రెండంటే రెండు అక్షరాలు మారి ఉగ్రంగా తయారైంది.

అయినా వైరస్ ఒక్కటే లెక్క కాదు, పక్షి కూడా లెక్కే. టర్కీ కోళ్లకూ సోకుతుంది గానీ నాటుకోడికి చేసినంత హాని చెయ్యదు. కౌజు పిట్టలూ అంతే, కాస్త తట్టుకుంటాయి. బాతులైతే చాలాసార్లు రోగం పైకి చూపించకుండానే వైరస్‌ను రెట్టలో వదులుతుంటాయి. 1990ల చివర చైనాలో గూస్ బాతులు కూడా చచ్చిపోయాయి కనుక వాటికి పూర్తి అభయమేమీ లేదు.

బాతుకు ఈ ఓపిక ఎక్కడిది? పూర్తి జవాబు కాదు గానీ 2010లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక తీగ పట్టుకున్నారు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ కణంలో అడుగు పెట్టగానే పసిగట్టి కేక వేసే రిగ్-ఐ అనే జన్యువు బాతుల్లో ఉంది, కోళ్లలో కనబడలేదు. బాతు రిగ్-ఐని కోడి కణాల్లో పెడితే వైరస్ పెరుగుదల తగ్గింది. అయితే ఆ ప్రయోగం చేసింది బర్డ్ ఫ్లూ మీద, కొక్కెర మీద కాదు. కోడికి వేరే కాపలా జన్యువులున్నాయి, కాబట్టి లోపమంతా అక్కడే ఉందనడం తొందరపాటు.

పావురాలది మరో కథ. వాటికి అలవాటు పడిన ఒక రకం 1980లలో యూరపంతా పాకింది. సోకిన పావురం గింజను గురిచూసి ముక్కు దించుతుంది, ముక్కు పక్కన పడుతుంది. మళ్లీ దించుతుంది, మళ్లీ తప్పుతుంది. 1984లో బ్రిటన్‌లో కోళ్లకు ఈ రోగం ఎలా వచ్చిందని ఆరా తీస్తే, లివర్‌పూల్ రేవు గోదాముల్లో దాణా మీద పావురాలు రెట్టవేసిన సంగతి తేలింది. మన దగ్గర మక్కలు, తౌడు బస్తాలు మూతి తెరిచి వసారాలో పెట్టేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.

2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు నల్లగొండ చుట్టుపక్కల ఏ కోడి కునికినా జనం హడలిపోయారు. చూపుకు రెండు రోగాలూ ఒకేలా ఉంటాయి, ల్యాబ్ పరీక్షతోనే తేడా తెలుస్తుంది. చచ్చిన కోళ్లను కాలువలో విసిరేయడం మాత్రం రెండు రోగాలూ పాకడానికి దారి వేసే పని. ఆ నీళ్లు దిగువన ఇంకో ఊరి కోళ్లు తాగుతాయి.

కొక్కెరకు మందు లేదు, టీకా ఉంది. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన వారంలోపు లసోటా లేదా ఎఫ్ రకం టీకా చుక్క కంట్లో, రెండు నెలలకు ఆర్2బి అనే టీకా సూది రెక్క కింద. చిక్కు టీకాలో లేదు, సీసాలో ఉంది. అందులో సాధారణంగా వంద డోసులకు తక్కువ ఉండదు, టీకా పొడిని ద్రవంలో కలిపాక రెండు గంటల్లో వాడాలి, అందాకా ఐసు మీద ఉంచాలి. ఇంటికి ఎనిమిది కోళ్లున్న ఆసామి ఒక్కడే సీసా కొనడు. వాడంతా కలిసి ఒక రోజు అనుకుని, తెల్లవారుజామున గంపలెత్తకముందే వేయిస్తే సీసా వృథా కాదు, కోళ్ల వెంట పరుగులూ ఉండవు. వేసేవాళ్లు టీకా చేతితో కళ్లు నలుపుకుంటే కొన్ని రోజులు కళ్లు ఎర్రబడొచ్చు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.