టచ్‌డౌన్లు చూసి రిసీవర్‌కు విలువ కట్టకండి: ఫాంటసీ ఫుట్‌బాల్ అపోహలు - వాస్తవాలు

డల్లాస్ పరిసరాల్లో తెలుగువాళ్లం కలిసి ఆడుకునే ఫాంటసీ లీగ్‌కు చాలా ఏళ్లుగా నేను కమిషనర్‌ని, అంటే నిర్వాహకుణ్ణి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లతో ఎవరి జట్టు వాళ్లు కట్టుకుంటాం, అసలు మ్యాచ్‌లలో వాళ్లు సాధించినదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి. సీజన్ మొదలైందంటే మా లీగ్ వాళ్లే కాదు, ఆఫీసు లీగుల్లో కొత్తగా చేరినవాళ్లు, న్యూజెర్సీలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న స్నేహితుల స్నేహితులు కూడా సలహా అడుగుతారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ గురించి అడిగేవాళ్లు తక్కువ. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ గాయపడితే తప్ప అతని ప్రస్తావన రాదు. వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్ల గురించే. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చేది టచ్‌డౌన్ గురించి, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం గురించి: "మూడు వారాలైంది, ఒక్క టచ్‌డౌన్ లేదు. ఇతన్ని వదిలేయమంటారా?"

నేను చూసినంతలో ఈ ప్రశ్న వెనక ఉన్న అపోహ పాడుచేసినన్ని సీజన్లను గాయాలు కూడా పాడుచేయలేదు. అందుకే ఎక్కువ భాగం దీని గురించే రాస్తాను. మిగతావి త్వరగా తేల్చేయవచ్చు.

అపోహ: టచ్‌డౌన్లు ఎక్కువ చేసినవాడే విలువైన రిసీవర్

వాస్తవం: రిసీవర్ విలువకు పునాది టార్గెట్లు. క్వార్టర్‌బ్యాక్ అతని వైపు ఎన్నిసార్లు బంతి విసిరాడు, జట్టు విసిరిన మొత్తం బంతుల్లో అది ఎంత వాటా అన్నది ముందు చూడాలి. టచ్‌డౌన్ ఆ తర్వాత వచ్చేది, వారం వారం మారిపోయేది. క్రికెట్ ఫాంటసీ నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. టాప్ ఆర్డర్‌లో దిగి ఎక్కువ బంతులు ఆడేవాణ్ణి కదా మీరు కెప్టెన్‌గా పెట్టుకునేది! ఏడో స్థానంలో వచ్చి నిన్న రెండు సిక్సర్లు కొట్టాడని ఎవరినీ కెప్టెన్ చేయరు. ఇక్కడా లెక్క అదే.

డెట్రాయిట్ లయన్స్ ఆటగాడు కాల్విన్ జాన్సన్ 2011లో 96 క్యాచ్‌లు, 1,681 యార్డులు, 16 టచ్‌డౌన్లు సాధించాడు. మరుసటి ఏడాది టచ్‌డౌన్లు ఐదంటే ఐదే. "అతని పని అయిపోయింది" అనడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ అదే 2012లో అతనికి 204 టార్గెట్లు వచ్చాయి. 122 క్యాచ్‌లతో 1,964 యార్డులు సాధించి, ఒక సీజన్‌లో అత్యధిక రిసీవింగ్ యార్డుల రికార్డు నెలకొల్పాడు. పీపీఆర్ లెక్కన, అంటే క్యాచ్‌కు 1, పది యార్డులకు 1, టచ్‌డౌన్‌కు 6 చొప్పున వేసి చూడండి. 2011లో 360 పాయింట్లు, 2012లో 348. టచ్‌డౌన్ల రూపంలో 66 పాయింట్లు ఊడిపోయినా మొత్తం మీద తగ్గినవి పన్నెండే. ఆ ఏడాది గీతకు అడుగు దూరంలో అతన్ని పడగొట్టిన సందర్భాలు ఒకటికి మించి ఉన్నాయి. మనిషి ఆట మారలేదు, చివరి అడుగు కలిసిరాలేదు, అంతే. 2013లో 14 మ్యాచ్‌లే ఆడి మళ్లీ 12 టచ్‌డౌన్లు చేశాడు.

ఇదే అపోహ రెండో వైపు నుంచి కూడా దెబ్బ తీస్తుంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో చేజ్ క్లేపూల్ 2020లో కొత్త కుర్రాడు. 62 క్యాచ్‌లు, 873 యార్డులు, 9 టచ్‌డౌన్లు, వాటికి తోడు పరుగు మీద మరో రెండు. ఫిలడెల్ఫియా మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఆ మ్యాచ్ చూసినవాళ్లు మరుసటి ఏడాది ఫాంటసీ డ్రాఫ్ట్‌లో, అంటే ఆటగాళ్లను ఎంచుకునే రోజున, అతని కోసం ఎగబడ్డారు. 2021లో అతను 59 క్యాచ్‌లు పట్టాడు, 860 యార్డులు సాధించాడు. దాదాపు అదే సీజన్. టచ్‌డౌన్లు మాత్రం తొమ్మిది నుంచి రెండుకు పడిపోయాయి. "క్లేపూల్ మోసం చేశాడు" అని నా దగ్గర వాపోయినవాళ్లు ఉన్నారు. అతను ముందటి ఏడాది పట్టినన్ని దాదాపు పట్టాడు. వాళ్లు డబ్బు పెట్టింది క్యాచ్‌ల మీద కాదు, మళ్లీ వస్తాయన్న హామీ లేని టచ్‌డౌన్ల మీద.

ఎందుకిలా అంటే, టచ్‌డౌన్ పడాలంటే రిసీవర్ చేతిలో లేనివి చాలా కలిసిరావాలి. జట్టు బంతిని గీత దాకా తేవాలి. తెచ్చాక కోచ్ దాన్ని రన్నింగ్ బ్యాక్‌కు ఇవ్వకూడదు. పెనాల్టీ పడకూడదు. టార్గెట్ అలాంటిది కాదు. కోచ్ ఆట పథకంలో అతని స్థానం, క్వార్టర్‌బ్యాక్‌కు అతని మీద ఉన్న నమ్మకం, ఎదుటి డిఫెండర్‌ను వదిలించుకోగల అతని నేర్పు టార్గెట్లను తెచ్చిపెడతాయి. ఇవి వారంలో మారిపోయేవి కావు.

2023 సెప్టెంబరు సంగతి చెప్పాలి. లాస్ ఏంజిలెస్ రామ్స్ తమ ప్రధాన రిసీవర్ కూపర్ కుప్ గాయంతో దూరం కాగా, ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ ఐదో రౌండ్‌లో తీసుకున్న పూకా నాకువా అనే కొత్త ఆటగాణ్ణి దించారు. మొదటి వారం సియాటిల్ మీద 15 టార్గెట్లు, 10 క్యాచ్‌లు, 119 యార్డులు. రెండో వారం శాన్‌ఫ్రాన్సిస్కో మీద 20 టార్గెట్లు, 15 క్యాచ్‌లు, 147 యార్డులు. కొత్త ఆటగాడు ఒక్క మ్యాచ్‌లో అన్ని క్యాచ్‌లు పట్టడం అంతకు ముందు లేదు. టచ్‌డౌన్ ఒక్కటీ లేకుండానే పీపీఆర్‌లో వరుసగా 21.9, 29.7 పాయింట్లు. మూడో వారం కాస్త తగ్గాడు, అప్పుడూ టచ్‌డౌన్ లేదు.

మా లీగ్‌లో ఒక తమ్ముడు మొదటి వారం కాగానే నాకువాను వేవర్లలో, అంటే ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్ల జాబితాలో, పట్టాడు. అందరికంటే ముందు మేల్కొన్నది అతనే. కానీ మూడో వారం ముగిసేసరికి రెండు భయాలు పట్టుకున్నాయి. ఒకటి, టచ్‌డౌన్ లేదు. రెండోది, "కుప్ తిరిగి వస్తే ఇతనికి బంతి ఎవరు ఇస్తారు?" అన్న పుకారు. ఆ పుకారు ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు, అందరి నోటా మాత్రం అదే. మంగళవారం రాత్రి, మూడు వారాల్లో మూడు టచ్‌డౌన్లు చేసిన వేరే రిసీవర్‌ను తీసుకుని నాకువాను ఇచ్చేశాడు. ఆ రిసీవర్‌కు మూడు మ్యాచ్‌లు కలిపి వచ్చిన టార్గెట్లు నాకువాకు రెండో వారం ఒక్క మ్యాచ్‌లో వచ్చినన్ని కూడా లేవు. ఆ ఆదివారమే ఇండియానాపొలిస్‌లో ఓవర్‌టైమ్‌లో గెలుపు టచ్‌డౌన్ పట్టింది నాకువానే. "అన్నా, ట్రేడ్ రద్దు చేయడానికి వీలుందా?" అని అడిగాడు. ఇద్దరూ ఒప్పుకుని చేసుకున్న ట్రేడ్‌ను కమిషనర్ వెనక్కి తిప్పితే ఇక లీగ్ మీద ఎవరికి నమ్మకం ఉంటుంది? వీల్లేదన్నాను. పాపం, చాలా బాధపడ్డాడు. ఐదో వారంలో కుప్ తిరిగి వచ్చాడు. అయినా నాకువా 105 క్యాచ్‌లు, 1,486 యార్డులతో తొలి సీజన్ ఆటగాళ్ల రికార్డులు రెండూ తిరగరాశాడు. ఏడాది మొత్తానికి టచ్‌డౌన్లు ఆరే.

ఆందోళనలో ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను. వరుసగా రెండు వారాలు ఓడితే చేతిలో ఉన్నది మార్చేయాలనిపించడం సహజం. అలాంటప్పుడు 2018లో హూలియో జోన్స్‌ను గుర్తు చేస్తాను. అట్లాంటాకు ఆడుతూ మొదటి ఏడు మ్యాచ్‌లలో 800కు పైగా యార్డులు సాధించాడు, టచ్‌డౌన్ సున్నా. ఆ దశలో అతన్ని చవగ్గా ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. సీజన్ ముగిసేసరికి 1,677 యార్డులతో లీగ్‌లోనే మొదటి స్థానం, టచ్‌డౌన్లు ఎనిమిది. ఎనిమిదీ చివరి తొమ్మిది మ్యాచ్‌లలోనే.

మా లీగ్‌లో ఒక అక్క ఉన్నారు. వృత్తిరీత్యా పన్నుల లెక్కలు చూస్తారు. ప్రతి మంగళవారం ఒక రూళ్ల పుస్తకంలో తన రిసీవర్లందరి పేర్ల ఎదుట నాలుగు గడులు నింపుతారు. జట్టు ఎన్ని పాస్‌లు వేసింది, ఇతను ఎన్ని పాస్ ఆటల్లో రూట్ (బంతి అందుకోవడానికి వెళ్లే దారి) పరుగెత్తాడు, ఎన్ని టార్గెట్లు, వాటిలో రెడ్‌జోన్‌లో (గీతకు 20 యార్డుల లోపు) ఎన్ని. టచ్‌డౌన్లకు గడి లేదు. టార్గెట్ల వాటా నాలుగో వంతు దగ్గర నిలకడగా ఉంటే, పాయింట్లు ఎలా ఉన్నా ఆ పేరు జోలికి వెళ్లరు. రూట్లు తగ్గితే మాత్రం వెంటనే ఎర్ర పెన్నుతో గుర్తు పెడతారు, ఆ వారం అతను టచ్‌డౌన్ చేసినా సరే. రూట్లు తగ్గాయంటే కోచ్ అతన్ని మైదానం నుంచి తప్పిస్తున్నాడని అర్థం. పాయింట్లు పడిపోవడానికి ఒకటి రెండు వారాల ముందే అది ఆ పుస్తకంలో కనిపిస్తుంది. మా లీగ్‌లో ప్లేఆఫ్స్‌కు ఎక్కువసార్లు చేరింది ఆవిడే.

ఒక్క జాగ్రత్త. టార్గెట్లన్నీ ఒకే ఎత్తు కావు. 2022లో డియాంటే జాన్సన్‌కు 147 టార్గెట్లు వచ్చాయి. 86 క్యాచ్‌లు, 882 యార్డులు, టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. టార్గెట్‌కు ఆరు యార్డులు. స్టీలర్స్‌కు ఆ ఏడాది పాస్ టచ్‌డౌన్లు జట్టు మొత్తానికే కరువు. అతని సున్నాలో దురదృష్టం ఉంది, కానీ ఆ టార్గెట్లలో చాలావరకు దగ్గరి బంతులన్నదీ నిజం. అందుకే బంతి ఎంత దూరం వస్తోందో, ఆ జట్టు గీత దగ్గరికి ఎంత తరచుగా చేరుతోందో కూడా చూడాలి. క్యాచ్‌కు పాయింటు ఇవ్వని లీగ్ అయితే ఇలాంటి ఆటగాడి విలువ ఇంకా పడిపోతుంది. ఆశ్చర్యమేమిటంటే, తమ లీగ్ పీపీఆరా, హాఫ్ పీపీఆరా (క్యాచ్‌కు అర పాయింటు) అన్నది తెలియకుండానే డ్రాఫ్ట్‌కు కూర్చునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముందు అది చూసుకోండి.

అపోహ: వేగంగా పరుగెత్తేవాడే గొప్ప రిసీవర్

2017లో డ్రాఫ్ట్‌కు ముందు జరిగే పరీక్షలో జాన్ రాస్ 40 యార్డుల పరుగును 4.22 సెకన్లలో ముగించి అప్పటికి రికార్డు నెలకొల్పాడు. సిన్సినాటి అతన్ని తొమ్మిదో ఆటగాడిగా తీసుకుంది. తొలి సీజన్‌లో అతని క్యాచ్‌లు సున్నా. అదే పరీక్షలో 4.62 సెకన్లు తీసుకున్న కూపర్ కుప్ మూడో రౌండ్ దాకా మిగిలిపోయాడు. 2021లో 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడు అతనే.

అపోహ: గొప్ప క్వార్టర్‌బ్యాక్ లేకపోతే రిసీవర్ దండగ

క్వార్టర్‌బ్యాక్ ముఖ్యమే, కాదనను. కానీ 2015లో హ్యూస్టన్‌లో నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లు మారినా డియాండ్రే హాప్కిన్స్ 111 క్యాచ్‌లు, 1,521 యార్డులు సాధించాడు. ప్యాట్రిక్ మహోమ్స్‌ను వదిలి మయామీ వెళ్లిన టైరీక్ హిల్ యార్డులు 1,239 నుంచి 1,710కి పెరిగాయి. ఎవరు విసిరారన్నదాని కంటే ఎవరి వైపు విసిరారన్నదే ముందు చూడండి.

అపోహ: రిసీవర్ మూడో ఏడాదికి గానీ పండడు

ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. ఓడెల్ బెకమ్, జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్, నాకువా అందరూ తొలి ఏడాదే చెలరేగారు. దీని మీద ఇంక సమయం వృథా చేయను.

అపోహ: ప్రీసీజన్‌లో బంతులు జారవిడిస్తే ప్రమాద సంకేతం

2021 ఆగస్టులో జమార్ చేజ్ ప్రీసీజన్ మ్యాచ్‌లలో, అంటే సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లలో, బంతులు జారవిడిచాడు. కళాశాల బంతి మీద తెల్లని చారలు ఉంటాయని, ఈ బంతి మీద లేకపోవడంతో చూపు అందుకోవడానికి సమయం పడుతోందని చెప్పాడు. అంతకు ముందటి కళాశాల సీజన్ మొత్తం అతను ఆడలేదు కూడా. అయినా సాకులు చెబుతున్నాడని అందరూ విరుచుకుపడ్డారు, డ్రాఫ్ట్‌లలో అతని ధర పడిపోయింది. తొలి మ్యాచ్‌లోనే మిన్నెసోటా మీద 101 యార్డులు, ఒక టచ్‌డౌన్. ఏడాది మొత్తానికి 1,455 యార్డులు, 13 టచ్‌డౌన్లు. పుకారును నమ్మి అతన్ని వదిలేసినవాళ్లు నష్టపోయారు, చవగ్గా తీసుకున్నవాళ్లు లీగులు గెలిచారు.

అపోహ: బుధవారం ప్రాక్టీసుకు రాలేదంటే ఆదివారం ఆడడు

దీని గురించి వచ్చే సందేశాల్లో నిజమైన కంగారు ఉంటుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆదివారం మ్యాచ్‌కు జట్లు బుధ, గురు, శుక్రవారాల్లో గాయాల నివేదిక ఇస్తాయి. బుధవారం సీనియర్లకు విశ్రాంతి ఇవ్వడం మామూలే. శుక్రవారం ఏం చేశాడన్నదే అసలు సంగతి. పూర్తిగా ప్రాక్టీసు చేస్తే దిగులు లేదు. బుధవారం చేసి శుక్రవారం మానేస్తే అది చెడ్డ కబురు, వారం మధ్యలో కొత్తగా ఏదో అయినట్టు. నివేదికలో 'క్వశ్చనబుల్' (ఆడవచ్చు, ఆడకపోవచ్చు) అన్న మాట ఒక్కటే చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. 'డౌట్‌ఫుల్' అంటే మాత్రం దాదాపు ఆడనట్టే.

ఎవరు ఆడడం లేదన్న తుది జాబితా మ్యాచ్‌కు 90 నిమిషాల ముందు వస్తుంది. మధ్యాహ్నపు మొదటి మ్యాచ్‌లకు డల్లాస్‌లో ఉదయం 10:30, న్యూజెర్సీలో 11:30. హైదరాబాద్‌లో రాత్రి 9 గంటలు, నవంబరులో ఇక్కడ గడియారాలు మార్చాక 10. ఆ సమయానికి ఫోను దగ్గర పెట్టుకోండి, అంతకు ముందు వచ్చే వదంతులకు జట్టు మార్చకండి. గురువారం ఆడే రిసీవర్‌ను ఫ్లెక్స్‌లో (రిసీవర్, రన్నింగ్ బ్యాక్, టైట్ ఎండ్ ఎవరినైనా పెట్టుకోగల స్థానంలో) పెట్టకండి, రిసీవర్ స్థానంలోనే పెట్టండి. అప్పుడు ఆదివారం ఎవరైనా తప్పుకుంటే ఫ్లెక్స్‌లోకి రన్నింగ్ బ్యాక్‌నైనా, టైట్ ఎండ్‌నైనా తెచ్చుకోవచ్చు. అనుమానంలో ఉన్న ఆటగాడిది సోమవారం రాత్రి మ్యాచ్ అయితే, అదే మ్యాచ్‌లో ఆడే మరో రిసీవర్‌ను ఆదివారానికి ముందే బెంచ్ మీదికి తెచ్చి ఉంచుకోండి.